బాపు సంచిలో మిగిలిన డబల్ డెక్కర్

మొన్న మా నాన్న, మా బాపు సంవత్సరీకం అయ్యాక చుట్టాలంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇల్లు సద్దుమణిగాక అమ్మ అటక మీది ఇనప పెట్టె దింపించింది. "ఇగ ఎన్నొద్దులని దాస్తం బిడ్డా, సూసి ఏం జేస్తవో జెయ్యి" అంది. గొళ్లెం తీసి మూత ఎత్తానో లేదో వాసన ముఖానికి కొట్టింది. పాత తోలు, చిల్లర నాణేలు, ఎండిన చెమట కలిసిన వాసన. చిన్నప్పుడు ఆ వాసన గడప దాటి లోపలికి వచ్చిందంటే బాపు డ్యూటీ దిగాడని లెక్క. అమ్మ లేచి గిన్నెలు సర్దేది.

పెట్టెలో పైనే ఉంది కండక్టర్ సంచి. భుజానికి ఆనే చోట పట్టా నల్లబడి, చెవి తమ్మెలా మెత్తబడింది. మూత లోపలివైపు బాల్‌పెన్నుతో వేసిన కూడికలు అలాగే ఉన్నాయి. సంచి కింద టికెట్ల ట్రే, దాని పక్కన పంచ్. టికెట్ మిషన్లు వచ్చాక పాత ట్రేలు డిపోలో మూలన పడితే, తనది అడిగి తెచ్చుకున్నాడు బాపు. అన్నిటికన్నా అడుగున, పాత తువ్వాలలో చుట్టిన మూరెడు రేకు బోర్డు. విప్పకుండానే అదేమిటో నాకు తెలుసు. అందుకే వెంటనే విప్పలేదు.

బాపు హైదరాబాద్ సిటీ బస్సుల్లో కండక్టర్. అందులో చాలా ఏళ్లు డబల్ డెక్కర్ మీదే, అదీ పై అంతస్తులో.

*

ఫస్ట్ షిఫ్ట్ పడితే మా ఇంట్లో తెల్లవారేది పంపు స్టవ్ హోరుతో. బాపు చీకట్లోనే ఖాకీ చొక్కా తొడుక్కొని, గ్లాసెడు చాయ్ తాగి, టిఫిన్ డబ్బా పట్టుకొని నడిచి పోయేవాడు. మేం లేచేసరికి ఆయన సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు ఒక ట్రిప్పు వేసి వచ్చి ఉండేవాడు.

మధ్యాహ్నం సెలవుల్లో నేను డిపోకు అన్నం డబ్బా తీసుకెళ్లేదాన్ని. డ్యూటీ దిగిన కండక్టర్లంతా పొడవాటి సిమెంటు గట్టు మీద వరసగా నిలబడి పైసలు లెక్క కట్టేవారు. నాణేలు పది పది దొంతరలుగా పేర్చేవారు. నలిగిన నోట్లను తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసేవారు. ఒక్కరూ మాట్లాడేవారు కాదు, పెదవులు మాత్రం కదిలేవి. ఎస్సార్ మీద, అంటే అమ్మిన టికెట్ల లెక్క రాసే కాగితం మీద ఉన్న అంకెకు, గట్టు మీది దొంతరలకు లెక్క కుదిరిందంటే బాపు ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలేవాడు. ఆ శబ్దం కోసమే నేను ఎదురుచూసేదాన్ని. అది విన్నాకే డబ్బా మూత తీసేదాన్ని.

పైసలన్నీ డిపోలోనే కట్టేసి వచ్చేవాడు కాబట్టి ఆయన వెంట మా ఇంటికి వచ్చేవి టికెట్ చుక్కలే. పంచ్ కొట్టినప్పుడు టికెట్టులోంచి ఊడిపడే చిన్న చిన్న గుండ్రటి ముక్కలవి. గులాబీవి, పచ్చవి, తెల్లవి. ఒక్కో రేటుకు ఒక్కో రంగు. చొక్కా జేబుల్లో, ప్యాంటు మడతల్లో, ఒక్కోసారి జుట్టులో కూడా ఉండేవి. అమ్మ చొక్కా విదిలిస్తే గచ్చు నిండా రాలేవి. నేను, తమ్ముడు వాటిని అగ్గిపెట్టెల్లో దాచుకొని, బొమ్మల పెళ్లికి అక్షింతలుగా చల్లేవాళ్లం. ఈ మధ్య మా అబ్బాయికి బస్సులో ఇచ్చిన మిషన్ టికెట్టు చూస్తే, నాలుగు రోజులకే అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితమైంది. బాపు కొట్టిన టికెట్టు ఒకటి నా ఏడో తరగతి తెలుగు వాచకంలో ఇప్పటికీ ఉంది. రంగు పోలేదు, రంధ్రం పోలేదు.

*

ఎండాకాలం సెలవుల్లో ఏదో ఒక ఆదివారం బాపు మమ్మల్ని తన బస్సే ఎక్కించేవాడు. ఏడు జెడ్. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు. జూ చూడటం మాకు వంక మాత్రమే. బస్సు పైకెక్కి ముందు సీట్లో కూర్చోవడమే అసలు పండగ.

మెట్లు వెనకవైపు, ఇరుకుగా, మెలిక తిరిగి ఉండేవి. బస్సు కదులుతుండగా ఎక్కితే ఒక్కో మెట్టుకు ఒక్కో గోడకు ఆనుకుంటూ పోవాలి. పైకి వెళ్లాక మా ముందు డ్రైవరు ఉండడు, ఇంజను ఉండదు, ఇక అద్దమే. రోడ్డు వచ్చి నేరుగా మా కాళ్ల కిందికి దూరిపోయేది. ఎదురుగా వచ్చే లారీ మీద సామాను కట్టిన తాళ్లు కనిపించేవి, స్టాపులో నిలబడ్డవాళ్ల నడినెత్తులు కనిపించేవి. చెట్టు దగ్గరికి వస్తుంటే తమ్ముడు తల వంచేవాడు. కొమ్మలు కిటికీ కమ్మీలకు బరబరా రాసుకొని, రెండు మూడు ఆకులు మా ఒళ్లో పడేసి పోయేవి.

ట్యాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి కుడివైపంతా నీళ్లే. కింద కూర్చున్నవాళ్లకు గట్టు, మనుషులు, విగ్రహాలు అడ్డం వచ్చేవి. మాకు హుస్సేన్‌సాగర్ మొత్తం ఒకేసారి కనిపించేది. అప్పటికి చెరువు మధ్య బండ ఉత్తదే. 1992 చివర్లో దాని మీద బుద్ధుడు నిలబడ్డాక, పైనున్న జనమంతా కుడివైపు కిటికీలకు ఎగబడితే బస్సు ఎక్కడ ఒరుగుతుందోనని హడలిపోయానని బాపు చాలాసార్లు చెప్పాడు. "కూసోండ్రి అందరు కూసోండ్రి, బుద్ధుడు ఏడికి పోడు" అని అరిచాడట.

పైన నిలబడనిచ్చేవాళ్లు కాదు. ఆ నియమం కండక్టరుకు మాత్రం లేదు. రెండు చేతుల్లో ట్రే, పంచ్, నోట్లు. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. కుడి మోకాలి పక్కభాగాన్ని సీటు అంచుకు ఒత్తిపెట్టి, ఎడమకాలు కాస్త వెనక్కి వేసి, ఆ ఒక్క ఆనుతో నిలబడేవాడు బాపు. ట్యాంక్‌బండ్ చివర మలుపులో మేమందరం ఒకరి మీద ఒకరం పడుతుంటే ఆయన అలాగే నిలబడి ఒకామెకు చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం నాకు కళ్లకు కట్టినట్టుంది. ఏళ్ల తరబడి అలా ఒత్తీ ఒత్తీ మోకాలి పక్కన రూపాయి బిళ్లంత నల్లటి కాయ కాసింది. పోయేనాటికీ అది అలాగే ఉంది.

చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసి ఇచ్చేవాడు. దిగేముందు వాళ్లు చూపించాలి, ఈయన ఇవ్వాలి. ఎవరైనా అడగడం మరిచిపోయి దిగిపోతే బాపుకు ఆ పూటంతా మనసున పట్టేది కాదు. ఒకసారి అబిడ్స్‌లో దిగిపోయిన ముసలాయన కోసం కిటికీలోంచి సగం బయటికి వంగి పిలిచాడు. ఆయన వినలేదు. మర్నాడు అదే టైముకు, అదే స్టాపులో, ఆ పైసలు విడిగా చొక్కా జేబులో పెట్టుకొని చూశాడు. మూడో రోజు దొరికాడట.

కింద ఇంకో కండక్టరు ఉండేవాడు. ఇద్దరి మధ్యా, డ్రైవరుకూ మాట తాడే. కప్పు పొడుగునా సాగిన గంట తాడు. ఒక్క గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. డ్రైవర్ చాచా మనుషుల్ని చూడకుండా గంట కొట్టిన తీరును బట్టే ఎవరు లాగారో చెప్పేవాడు. బాపు గంట పొడిగా, దగ్గరదగ్గరగా, టింగ్‌టింగ్ అని పడేది. కింది కండక్టరుది సాగదీసినట్టుండేది. జూపార్కు దగ్గర దిగాక చాచా కిటికీలోంచి తల బయట పెట్టి, "క్యా బేటీ, షేర్ కో సలామ్ బోల్నా" అనేవాడు. నేను నిజంగానే పులి బోను ముందు నిలబడి సలాం పెట్టి వచ్చేదాన్ని.

*

గౌలిగూడ షెడ్డు గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. బోర్లించిన పెద్ద డ్రమ్ములో సగంలా ఉండేది. 1930లో విమానాల కోసం కట్టిన హ్యాంగరది, ఆ తర్వాత బస్సుల పాలైంది. లోపల ఒక్క బస్సు స్టార్టయితే పది స్టార్టయినట్టుండేది. కప్పు కింద పావురాలు, డీజిల్ పొగలో ఏటవాలుగా పడే వెలుతురు, ఊళ్ల పేర్లు పాటలా చదివే గొంతులు. 1994లో ఇమ్లిబన్‌లో పెద్ద బస్టాండు వచ్చేదాకా ఊళ్లకు పోవాలన్నా, ఊళ్ల నుంచి రావాలన్నా గౌలిగూడకే చేరేవాళ్లం.

అక్కడే ఒక బల్ల మీద కూర్చోబెట్టి బాపు నాకు బస్సుల చరిత్ర చెప్పాడు. 1932 జూన్‌లో నిజాం రాజ్యంలో రైల్వేవాళ్లే బస్సులు కూడా మొదలుపెట్టారని, అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులని, ఆల్బియన్ బస్సులు స్కాట్లాండ్ నుంచి ఓడలో వచ్చాయని చెప్పాడు. ఆ 166 మంది అనే మాట దగ్గర గొంతు కొంచెం పెంచేవాడు, తన ఇంటి పెద్దల గురించి చెబుతున్నట్టు. మన బస్సు నంబరు ప్లేటులో జెడ్ ఎందుకుంటుందో తెలుసా అని అడిగేవాడు. నిజాం తల్లి జెహ్రా బేగం పేరు అది అని తానే చెప్పేవాడు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, 1958లో ఏపీఎస్ఆర్టీసీ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. నంబరు ప్లేటు మీద ఆ తల్లి పేరులోని ఒక్క అక్షరం మాత్రం నిలిచింది. ఇప్పటికీ బస్సు వెనక ఆగితే ముందు ఆ జెడ్ కోసం చూస్తాను.

2018 జూలై 5న ఆ హ్యాంగర్ కూలిపోయింది. ముందే బస్సుల్ని, జనాన్ని పంపేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. టీవీలో ఆ నలిగిన రేకుల కుప్ప చూసి బాపు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. అన్నం తినడానికి రమ్మంటే చాలాసేపటికి వచ్చాడు.

*

2000 దాటిన కొన్నేళ్లకు డబల్ డెక్కర్లు మెల్లగా రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి. ఫ్లైఓవర్లు లేచాయి, విడిభాగాలు దొరకడం లేదన్నారు, నష్టమన్నారు. బాపు మామూలు బస్సు మీదికి మారాడు. ఒకరోజు ఆయనతో పనిచేసిన మెకానిక్ ఒకాయన ఇంటికొచ్చి, "మన బండి యార్డుల పడ్డది, కోస్తున్రు" అని చెప్పాడు. బాపు సైకిల్ తీశాడు. నేను వెనక కూర్చున్నాను, అప్పుడు కాలేజీలో ఉన్నాను.

ఊరి చివర పాత ఇనుము కొనే యార్డు. మా బస్సు అప్పటికే సగమైంది. గ్యాస్ కట్టరుతో పై అంతస్తును కింది నుంచి వేరు చేసి నేల మీద పెట్టారు. మెట్లు మాత్రం ఆకాశంలోకి లేచి, ఎక్కడికీ పోకుండా ఆగిపోయి ఉన్నాయి. సీట్లలోంచి పీకిన కొబ్బరిపీచు ఒక పక్క గుట్టగా పోశారు. బాపు నేల మీదున్న పై అంతస్తులోకి తల వంచి వెళ్లి, తాను నిలబడే చోట నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. ఏమీ అనలేదు.

ముందు అద్దం పైన రూటు బోర్డు ఇంకా ఉంది. తెలుగులో, ఉర్దూలో రాసిన రేకు. దాన్ని తీసుకుంటానని యార్డు ఆయన్ని అడిగాడు. తూకానికి ఇస్తానన్నాడాయన. పక్కనున్న కుర్రాడు గడ్డపార పెట్టి పెకలించబోతే, "జర ఆగు కొడకా, నేను తీస్త" అని బాపు స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నాడు. తుప్పు పట్టిన స్క్రూలు. ఒక్కోదానికి చుక్కచుక్క నూనె వేసి, నానిందాకా ఆగి, నెమ్మదిగా తిప్పాడు. అంతా కలిపి గంట పట్టి ఉంటుంది. పక్క బండి మీద కట్టరు నిప్పులు రాలుస్తూనే ఉంది. బోర్డు చంకలో పెట్టుకొని సైకిల్ ఎక్కాను. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఒక్క బస్సునైనా ఉంచండని అంతకుముందే బాపు ఒక ఆఫీసుకు ఉత్తరం రాశాడు. నాతోనే రాయించాడు. జవాబు రాలేదు.

*

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బస్‌భవన్‌లో 1932 నాటి ఆల్బియన్ బస్సు ఉంది. పేరు దక్కన్ క్వీన్. మా అబ్బాయిని తీసుకెళ్లి చూపించాను. ఎంత చిన్నదో! ఇప్పటి మినీ బస్సు పక్కన కూడా బొమ్మలా ఉంటుంది. దాన్ని దాచినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ బస్సు ముందు నిలబడితే నాకు ఏ ముఖమూ గుర్తు రాదు. అది మా తాతల బస్సు. మేం ఎక్కింది, మా అమ్మ పురిటి నొప్పులతో ఎక్కింది, పరీక్ష హాల్ టికెట్ మరిచిపోయి నేను ఏడ్చుకుంటూ దిగింది వేరే బస్సులు. డబల్ డెక్కర్, తలుపు లేని ఆర్డినరీ, పాతబస్తీ గల్లీల్లో దూరిపోయే సెట్విన్ మినీ బస్సు, మధ్యలో మడత పడే పొడుగు వెస్టిబ్యూల్. ఎవరూ ప్రత్యేకంగా చూడని మామూలు బండ్లే ముందు మాయమవుతాయి. ఎందుకంటే రోజూ కనిపిస్తాయి కదా, ఎక్కడికి పోతాయిలే అనుకుంటాం.

చట్టం కూడా వాటికి అనుకూలంగా లేదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన పాత బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరులో వీఏ అనే అక్షరాలు ఇస్తారు. కానీ అది రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకే. ఇంకోవైపు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాల, రవాణా సంస్థల బండ్లు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, తుక్కు చేయాల్సిందే. పొగకు, ప్రమాదాలకు భయపడి పెట్టిన నియమం, దాన్ని తప్పుపట్టను. రోడ్డు మీద నడిపే బస్సుకు అది ఉండాల్సిందే. నా బాధ ఒక్కటే. 15వ ఏటికి కోసేసే బస్సు 50వ ఏడు ఎలా చూస్తుంది? మధ్యలో ఆ 35 ఏళ్లు దాన్ని చేయిపట్టి దాటించేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. పాతబడి అందంగా కనిపించేదాకా ఎవరూ దాచరు, దాచాలనిపించే నాటికి బండి ఉండదు.

ముంబైలో సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థకు ఆణిక్ డిపోలో సొంత మ్యూజియం ఉంది. అలాంటిది మనకూ ఒకటి ఉండాలి. రకానికి ఒక బండి చాలు, వందలు అక్కర్లేదు. ఎండావానా పడని షెడ్డు కావాలి. టైర్ల మీద బరువు పడకుండా దిమ్మెల మీద నిలపాలి, బ్యాటరీ విప్పి పెట్టాలి, నెలకోసారి ఇంజను తిప్పాలి, కప్పు అతుకుల దగ్గర నీరు దిగకుండా చూడాలి. ఇవన్నీ చేతనైన మెకానిక్కులు రిటైరై మన గల్లీల్లోనే ఉన్నారు, ఇప్పటికైతే ఉన్నారు. గేటు పక్కన దిమ్మె కట్టి ఎండలో నిలబెట్టడాన్ని దాచడం అనను. ఏడాదికి ఒక్కరోజైనా ఆ బండి కదలాలి, పిల్లలు ఎక్కాలి, గంట మోగాలి. బండితోపాటు ట్రేలు, పంచ్‌లు, ఎస్సార్ కాగితాలు, రంగు రంగుల టికెట్లు, ఆ గంటల భాష తెలిసినవాళ్ల గొంతులు కూడా ఉండాలి. బాపు గొంతు నేను రికార్డు చేయలేదు. అది నా తప్పే.

*

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు మూడు ఎలక్ట్రిక్ డబల్ డెక్కర్లు వచ్చాయి. పేపర్లో బొమ్మ చూసినప్పటి నుంచి బాపు ఒకటే పోరు. అప్పటికే కాళ్లు సరిగా ఆడటం లేదు. ట్యాంక్‌బండ్ దగ్గరికి తీసుకెళ్లాం. "పైకి వద్దు బాపు, కిందనే కూసో" అంటే వినలేదు. కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కాడు, వెనకాల నేను రెండు చేతులూ చాపి.

పైన ఏసీ చల్లగా ఉంది. కిటికీలు తెరుచుకోవు, చెట్టు ఆకు ఒళ్లో పడదు. ఇంజను చప్పుడు లేదు. సీట్లో కూర్చోబెట్టబోతే ఒక్క నిమిషం అని చెయ్యి చూపించాడు. నిలబడ్డాడు. కుడి మోకాలు దానంతటదే వెళ్లి సీటు అంచుకు ఆనింది. ఎడమకాలు కొద్దిగా వెనక్కి జరిగింది. బస్సు మలుపు తిరుగుతుంటే కుడిచెయ్యి పైకి లేచి కప్పు దగ్గర ఏదో వెతికింది.

"తాడు లేదు బిడ్డా" అన్నాడు.

తర్వాత కూర్చొని చెరువు చూశాడు. బుద్ధుడు కనిపించగానే మా అబ్బాయి లేచి కిటికీకి అతుక్కున్నాడు. "కూసో నాయినా, ఆయన ఏడికి పోడు" అన్నాడు బాపు.

*

అమ్మ నిద్రపోయాక తువ్వాల విప్పాను. అదే రేకు. 7 జెడ్, జూపార్కు, కింద ఉర్దూలో అదే మాట. అంచుల్లో పెయింటు పెచ్చులు ఊడింది. అక్షరాలు చెక్కుచెదరలేదు. ఎప్పుడో మెత్తటి గుడ్డతో తుడిచి నూనె రాసినట్టుంది, వేళ్లకు జిడ్డు అంటింది. నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు.

తువ్వాల దులిపితే చిన్న పొట్లం ఒకటి జారి గచ్చు మీద పడింది. గులాబీ రంగు టికెట్ల కట్టలోంచి చించిన కాగితాలతో చుట్టిన పొట్లం. విప్పి చూశాను. యార్డులో ఆ రోజు గంటసేపు నూనె వేసి విప్పిన స్క్రూలు. నాలుగూ ఉన్నాయి. తుప్పంతా గీకి, మళ్లీ బిగించడానికి పనికొచ్చేలా శుభ్రం చేసి పెట్టాడు.